సిక్లిడ్ల మిశ్రమ ట్యాంక్: ఏ చేప పక్కన ఏ చేప? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ల గురించే. మన దగ్గర "మిక్స్‌డ్ సిక్లిడ్ ట్యాంక్" అంటే ఎక్కువమంది పెట్టేది అదే, ఎక్కువగా చెడిపోయేదీ అదే. చెడిపోవడానికి కారణం చాలాసార్లు రోగం కాదు, నీళ్లూ కాదు. మొదటిరోజు షాపులో రంగు చూసి చేపలు ఎంచుకోవడమే. చేప పెద్దదయ్యాక ఎంత పెరుగుతుంది, ఏం తింటుంది, ఎంత కొట్లాడుతుంది అన్న మూడు సంగతులూ కాగితం మీద రాసుకున్నాకే షాపుకు వెళ్లాలి.

సిక్లిడ్లన్నీ ఒకటే కదా, కలిపి వేస్తే తప్పేంటి?

సిక్లిడ్ అన్నది ఒక చేప పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. కేరళవాళ్లు ఇష్టంగా వేయించుకునే కరిమీన్ సిక్లిడే, మన చెరువుల్లో దొరికే తిలాపియా సిక్లిడే, ఏంజెల్, డిస్కస్, ఆస్కార్ కూడా సిక్లిడ్లే. డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీల వేడి, మెత్తటి ఆమ్ల నీళ్లు కావాలి. మలావి చేపకు 24 నుంచి 28 డిగ్రీలు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.8 నుంచి 8.6 దాకా ఉండే కఠిన జలం కావాలి. రెంటినీ ఒకే నీళ్లలో పెడితే ఏదో ఒకటి నిత్యం ఇబ్బంది పడుతుంది.

నీళ్లు సరిపోయినా స్వభావం సరిపోదు. ఆస్కార్ కొంచెం మందకొడిగా తిరిగే పెద్ద చేప, అడుగు దాకా పెరుగుతుంది. చిన్నగా, మెరుపులా తిరిగే ఎంబునా (మలావిలో రాళ్ల మధ్య బతికే చిన్న సిక్లిడ్) దాని రెక్కలు కొరుకుతుంది. లేదంటే ఒక రాత్రి ఆస్కారే దాన్ని మింగేస్తుంది. అందుకే మొదటి నియమం: ఒక ట్యాంక్‌కు ఒకే సరస్సు.

మలావి చేపల్లో మళ్లీ రకాలున్నాయంటారు. అవేంటి?

మూడు గుంపులుగా గుర్తుపెట్టుకోండి. రాళ్ల మధ్య బతుకుతూ వాటి మీది పాచి గీక్కుని తినేవి ఎంబునా. పొట్టిగా, గట్టిగా ఉంటాయి, 8 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతాయి, తమ రాయి కోసం ప్రాణం పెడతాయి. ఇసుకలో పురుగుల కదలిక పసిగట్టి పట్టుకునేవి పీకాక్‌లు. 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతాయి, మగవాటికే రంగు, స్వభావం సాధు. బహిరంగ నీళ్లలో తిరిగే హ్యాప్‌లు మూడో గుంపు. వీటిలో ఎలక్ట్రిక్ బ్లూ ఫ్రయెరీ లాంటి మధ్యరకం చేపలూ ఉన్నాయి, 25 సెంటీమీటర్లకు పెరిగి చిన్న చేపల్ని మింగే వీనస్టస్ లాంటివీ ఉన్నాయి. ఇసుక మీద చచ్చినట్టు పడుకుని, దగ్గరికొచ్చిన పిల్లచేపను లటుక్కున పట్టే లివింగ్‌స్టోనీ కూడా హ్యాపే.

ట్యాంక్ ఎంత ఉండాలి?

ఎంబునాకు కనీసం 4 అడుగుల పొడవు. 4 × 1.5 × 1.5 అడుగుల ట్యాంక్ అంటే 9 ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను నికరంగా 210 నుంచి 220 లీటర్లు మిగులుతాయి. మందులేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ రెండో అంకెనే. హ్యాప్‌లూ పీకాక్‌లూ కలపాలంటే 6 అడుగులు కావాలి.

ఎత్తు పెంచి పొడవు తగ్గించిన ట్యాంక్ చూడ్డానికి బాగుంటుంది గానీ ఈ చేపలకు పనికిరాదు. తరిమినప్పుడు పారిపోవడానికి వాటికి కావాల్సింది పొడవు.

షాపులో "ఆఫ్రికన్ మిక్స్" అని అంగుళం పిల్లల్ని చవగ్గా అమ్ముతున్నారు. పది తెచ్చుకోవచ్చా?

వద్దు. ఆ తొట్టిలో ఏ పిల్ల ఏ జాతిదో చాలాసార్లు అమ్మేవాళ్లకూ తెలియదు. సగం సంకరాలు ఉంటాయి. పసుపు మీద నల్లచారలున్న ఆ ముచ్చటైన పిల్ల ఆరాటస్ కావచ్చు. లేత నీలం మీద చారలున్నది కెన్యీ కావచ్చు. ఈ రెండూ అంగుళం సైజులో బుద్ధిగా తిరుగుతాయి. ఏడెనిమిది నెలల్లో ఆరాటస్ మగది నల్లగా మారుతుంది, కెన్యీ మగది పసుపుపచ్చగా మారుతుంది, అప్పటినుంచి ట్యాంక్ మొత్తం దానిదే. రోజుకొకటి చొప్పున చేపలు చస్తుంటే నీళ్లు పరీక్షించుకుంటూ కూర్చునేవాళ్లు చాలామంది. నీళ్లలో తప్పేం ఉండదు, చంపుతున్నది ఆ ఒక్క చేపే.

జాతి పేరు చెప్పి, ఒకే ఈడు పిల్లల్ని ఆరేసి చొప్పున ఇవ్వగలిగిన చోటే కొనండి. పేరు చెప్పలేని చేపను ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

మొదటిసారి పెట్టేవాళ్లకు నమ్మకమైన జత ఒకటి చెప్పండి.

4 అడుగుల ట్యాంక్‌కు ఎల్లో ల్యాబ్ 6, రస్టీ 6, యెల్లో టెయిల్ ఏసీఐ 6. మొత్తం 18. మూడూ ఎంబునాలే. ఈ మూడింటినీ ఎందుకు చెబుతామంటే, ఇదే వరసలో ఒకటి పూర్తి పసుపు, ఒకటి తుప్పు కలిసిన ఊదా, ఒకటి నీలి ఒంటికి పసుపు తోక. ఒకదాన్నొకటి చూసి "వీడు నా పోటీదారు" అనుకునే అవకాశం తక్కువ. పైగా ఏసీఐ రాళ్లకు అంటిపెట్టుకుని ఉండదు, గుంపుగా పైనీళ్లలో తిరుగుతుంది. మిగతా రెండూ కింద రాళ్లలో ఉంటాయి. అంటే ట్యాంక్‌లో పైఅంతస్తు, కిందిఅంతస్తు రెండూ వాడకంలో ఉంటాయి. ఏసీఐ 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి 4 అడుగులకంటే చిన్న ట్యాంక్‌లో దాన్ని మానేయాలి.

ఒకే జాతితో రెండు రంగులు కావాలంటే సౌలోసి ఒక్కటే 12 నుంచి 15 వేయండి. ఆడవీ పిల్లలూ బంగారు పసుపు, పెత్తనం చేసే మగవి నీలం మీద నల్లచారలు. మిశ్రమ ట్యాంక్ కాదు గానీ చూసినవాళ్లు రెండు జాతులనే అనుకుంటారు. ఎల్లో ల్యాబ్‌తో మాత్రం సౌలోసిని కలపకండి. రెండింటి ఆడవీ పసుపే, సంకరం పుడుతుంది.

డెమసోనీ ఎలా ఉంటుంది?

ఇదీ ఒక ఎంబునాయే. అందంలో దానికి సాటి లేదు. కానీ మగా ఆడా రెండూ ఒకే నీలం చారల్లో ఉంటాయి, తన జాతివాడినే ఎక్కువ ద్వేషిస్తుంది. నాలుగో అయిదో వేస్తే చివరికి ఒకటి మిగులుతుంది. వేస్తే 12కు తక్కువ వేయొద్దు. మొదటి ట్యాంక్‌కు అసలు వద్దు.

ఆడ, మగ ఎన్నెన్ని ఉండాలి?

ప్రతి జాతికీ ఒక మగకు కనీసం మూడు ఆడవి. మగది ఆడదాన్ని వదిలిపెట్టకుండా తరుముతుంది. ఆడది ఒక్కటే ఉంటే రెండు వారాల్లో చిక్కి శల్యమై చస్తుంది. నాలుగుంటే ఆ ఒత్తిడి పంచుకుంటాయి. పిల్లలప్పుడు ఆడా మగా తెలియదు కాబట్టి ఆరు తెచ్చుకుని పెంచి, రంగు తేలాక ఎక్కువైన మగవాటిని తీసేయడమే దారి. కింది రెక్క మీది పసుపు చుక్కలు చూసి మగదని చెప్పేవాళ్లను నమ్మకండి. ఆ చుక్కలు చాలా జాతుల్లో ఆడవాటికీ ఉంటాయి.

చేపలు ఎక్కువ వేస్తే కొట్లాట తగ్గుతుందంటారు. నిజమేనా?

నిజమే, కానీ సగమే. మూడు చేపలుంటే బలమైనది బలహీనమైనదాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటుంది. పద్దెనిమిది ఉంటే తరమడం మొదలుపెట్టగానే మధ్యలో ఇంకోటి అడ్డొస్తుంది, దాని దృష్టి మళ్లుతుంది. ఏ ఒక్కదానికీ దెబ్బలన్నీ పడవు.

మిగతా సగం ఏంటంటే, చేపలు పెరిగితే మలం పెరుగుతుంది, అమ్మోనియా పెరుగుతుంది. ఈ ట్యాంక్‌లో పీహెచ్ ఎక్కువ కాబట్టి అదే అమ్మోనియా మరింత విషం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి అరశాతం చిల్లర. పీహెచ్ 8.5 అయితే అది సుమారు 15 శాతం. గోల్డ్‌ఫిష్ ట్యాంక్‌లో తట్టుకున్న పొరపాటు ఇక్కడ తట్టుకోదు. అందుకే చేపలు ఎక్కువ వేసేవాళ్లు గంటకు ట్యాంక్ నీళ్లన్నీ 8 నుంచి 10 సార్లు తిరిగేంత ఫిల్టర్ పెట్టాలి. 255 లీటర్ల ట్యాంక్‌కు గంటకు 2000 లీటర్ల పైమాట. ఒకే పెద్ద ఫిల్టర్ కంటే రెండు పెట్టుకుంటే మంచిది, ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. వారానికోసారి 30 నుంచి 40 శాతం నీళ్లు మార్చాలి.

కొత్త ట్యాంక్‌లో ఎన్ని రోజులకు చేపలు వేయాలి?

ఫిల్టర్‌లో అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు. రోజులు లెక్కపెట్టడం కంటే పరీక్ష కిట్ చెప్పేదే నమ్మండి. చేపలు లేని ట్యాంక్‌లో ఆ బ్యాక్టీరియాకు మేతగా కొంచెం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. ఎవరిదైనా ఆరోగ్యమైన పాత ట్యాంక్ నుంచి వాడిన స్పాంజ్ తెచ్చి పెట్టుకుంటే సగం సమయం కలిసొస్తుంది. ఆ స్పాంజ్‌ను కుళాయి నీళ్లతో కడిగితే క్లోరిన్ తగిలి బ్యాక్టీరియా పోతుంది, తీసిన ట్యాంక్ నీళ్లలోనే పిండండి.

మా ఇంట్లో బోరు నీళ్లు. ఆర్‌ఓ పెట్టాలా?

అక్కర్లేదు. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. గిన్నెలకు తెల్లపొర పట్టించే ఆ నీళ్లే ఈ చేపలకు సుఖం. ఆర్‌ఓ నీళ్లు ఒక్కటే పోస్తే ఖనిజాలు లేక పీహెచ్ నిలబడదు, ఒక్కరాత్రిలో పడిపోతుంది.

పరీక్షించాల్సింది టీడీఎస్ మీటర్‌తో కాదు. ఆ అంకెలో ఉప్పూ కలుస్తుంది, సున్నమూ కలుస్తుంది. కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్ కఠినత), జీహెచ్ (మొత్తం కఠినత), పీహెచ్ మూడూ చూడండి. కేహెచ్ 8 డిగ్రీల (ఇవి కఠినత డిగ్రీలు, వేడివి కావు) పైన ఉంటే చాలు. తక్కువుంటే 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. జీహెచ్ తక్కువుంటే 100 లీటర్లకు సుమారు నాలుగున్నర గ్రాముల ఎప్సమ్ సాల్ట్ ఒక డిగ్రీ పెంచుతుంది. చేపలున్న ట్యాంక్‌లో రోజుకు ఒకటి రెండు డిగ్రీలు మించి పెంచొద్దు, మార్చే నీళ్లలోనే కలిపి పోయండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ తప్పనిసరి. ఎండుకొమ్మలు, డ్రిఫ్ట్‌వుడ్ ఈ ట్యాంక్‌లో వేయకండి, అవి పీహెచ్‌ను కిందికి లాగుతాయి.

రాళ్లు ఏవి, ఎలా పేర్చాలి?

దీనికి బజార్లో ఖరీదైన రాళ్లు కొనాల్సిన పనిలేదు. గచ్చుకు వేసే తాండూరు రాయి, షాబాద్ రాయి, కడప రాయి మూడూ సున్నపురాళ్లే. మలావి నీళ్లకు హాని చేయకపోగా కాస్త సాయపడతాయి. పాలిష్ పట్టని ముక్కలు తీసుకోవాలి, నూనో మైనమో రుద్దినవి వద్దు. అంచులు పదునుగా ఉంటే ఇంకో రాయితో అరగదీయండి. రాయి నిజంగా సున్నపురాయో కాదో తెలియాలంటే గీకి, ఆ గీతమీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి, సన్నటి బుడగలొస్తాయి.

పేర్చే వరస ముఖ్యం. ముందు అద్దం మీద అర అంగుళం థర్మోకోల్ లేదా ప్లాస్టిక్ జాలీ, దానిమీద రాళ్లు, ఆఖర్న చుట్టూ 3 నుంచి 5 సెంటీమీటర్ల ఇసుక. ఇసుక పోసి దానిమీద రాళ్లు పెడితే, చేపలు రాయి కింద తవ్వుతాయి, ఒకరోజు కుప్ప కూలి అద్దం పగులుతుంది. ఎంబునా ట్యాంక్‌లో రాళ్ల కుప్ప సగం ఎత్తు దాటాలి. ప్రతి గుహకూ రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్న గుహ దాక్కునే చోటు కాదు, చిక్కిపోయే చోటు. పీకాక్‌ల ట్యాంక్‌లో మాత్రం రాళ్లు తగ్గించి ఇసుక ఖాళీగా వదలండి.

పీకాక్‌లనూ ఎంబునాలనూ కలపొచ్చా?

సాధువైన ఎంబునాతో మాత్రమే: ఎల్లో ల్యాబ్, రస్టీ, ఏసీఐ. ఆరాటస్, కెన్యీ, బంబుల్‌బీ, డెమసోనీ లాంటి దుడుకు ఎంబునాల పక్కన పెడితే పీకాక్ రంగు విప్పదు. బూడిదరంగులోనే ఉండిపోతుంది, మేత దగ్గరికి రాదు. మేత తేడా కూడా ఉంది, కింద చెప్పాం. మచ్చల ఓబీ పీకాక్ అన్నది మనుషులు కలిపి పుట్టించిన సంకరం, దానికి మామూలు పీకాక్ కంటే పొగరెక్కువ. మెత్తటి పీకాక్‌లతో వేసేముందు ఆలోచించండి.

రంగు రంగుల మగవాటినే వేయాలనుకుంటున్నాను.

మంచి ఆలోచన, పిల్లల బెడద కూడా ఉండదు. 6 × 2 × 2 అడుగుల ట్యాంక్‌లో, అంటే సుమారు 680 లీటర్లలో, 15 నుంచి 18 పీకాక్, హ్యాప్ మగవి సరిపోతాయి. ఒక్కో రకం ఒక్కటే. రెండు నీలి పీకాక్‌లు పక్కపక్కన ఉంటే ఒకటి రంగు కోల్పోతుంది. ఎలక్ట్రిక్ బ్లూ ఫ్రయెరీ పెడితే నీలి పీకాక్ మానుకోండి. అన్నింటికంటే ముఖ్యం, ఒక్క ఆడచేప కూడా ఉండకూడదు. పొరపాటున ఒకటి వచ్చిందా, పదిహేను మగవీ దానికోసం ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. రంగు తేలిన, మూడు అంగుళాలు దాటిన చేపల్నే కొంటే ఆ పొరపాటు జరగదు. ఖరీదు ఎక్కువే, అయినా ఇక్కడ పొదుపు పనికిరాదు.

అన్నీ ఒకేసారి వేయాలా, విడతలుగా వేయాలా?

పిల్లలైతే అన్నీ ఒకేసారి, ఫిల్టర్ సిద్ధమయ్యాక. విడతలుగా అయితే సాధువైనవి ముందు, దుడుకువి ఆఖర్న. ముందొచ్చినది ట్యాంక్ తనదనుకుంటుంది. పెద్దయిన ట్యాంక్‌లోకి కొత్తది చేర్చాలంటే రాళ్లన్నీ తీసి వేరేగా పేర్చి, లైటు ఆర్పి, అప్పుడు వదలండి. పాత సరిహద్దులు చెరిగిపోయి అన్నీ కొత్తగా మొదలుపెడతాయి. ఒక్కదాన్నే చేర్చడం కంటే మూడు నాలుగు కలిపి చేర్చడం మేలు. చేర్చేముందు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడండి.

చేపలు తెచ్చిన కవరు నీళ్లు ట్యాంక్‌లో గానీ ఆ తొట్టిలో గానీ పోయకండి. ఊళ్లో షాపు నుంచి తెస్తే అరగంట, ముప్పావుగంట సన్నగొట్టంతో చుక్కచుక్కగా నీళ్లు కలిపితే చాలు. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన చేపకు ఈ పద్ధతి ప్రమాదం. మూతకట్టిన కవరులో బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ తగ్గి అమ్మోనియా అంతగా హాని చేయదు. కవరు విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి కవరు విప్పకుండానే ఆ వేరే తొట్టిలో తేల్చి 20 నిమిషాలు వేడి సమం చేసి, విప్పిన వెంటనే వలతో తీసి వదలండి. ఇది జరగాలంటే అటునుంచి పంపేవాళ్ల నీళ్ల పీహెచ్ ముందే కనుక్కుని, తొట్టి నీళ్లు దానికి దగ్గరగా పెట్టుకోవాలి.

ఏది మామూలు కొట్లాట, ఏది ప్రమాదం?

రెండు మగవి రెక్కలు విప్పి, ఒళ్లు వంచి వణికించడం, నోట్లో నోరు పెట్టి తోసుకోవడం, అడుగు దూరం తరిమి వెనక్కి రావడం మామూలే. ఒక చేప పైమూలలోనో హీటర్ వెనకో రెక్కలు ముడుచుకుని నిలువుగా వేలాడుతూ ఉంటే, మేత వేసినా రాకుంటే, తోక చివర చీలి తెల్లబడితే, అది ప్రమాదం. ఆరోజే తీసి వేరే తొట్టిలో పెట్టండి. రేపు చూద్దామనుకుంటే రేపటికి ఉండదు. దెబ్బతిన్నది కోలుకున్నాక తిరిగి వేస్తే మళ్లీ అదే జరుగుతుంది. కాబట్టి కొట్టేదాన్ని రెండు వారాలు బయటపెట్టి, తిరిగి ఆఖర్న వేయండి. అప్పటికీ మారకపోతే దాన్ని ఇచ్చేయడమే.

మేత ఏది?

ఎంబునా పేగు పొడవైనది, పాచి అరిగించుకోవడానికి తయారైనది. దానికి స్పిరులినా (ఒక రకం పాచి పొడి) ఎక్కువున్న గుళికలు, అప్పుడప్పుడు ఉడికించిన పాలకూర, బఠాణీ. ట్యూబిఫెక్స్, బ్లడ్‌వార్మ్స్ లాంటి పురుగుల మేత, మాంసం వద్దు. పీకాక్, హ్యాప్‌లకు మాంసకృత్తులు కొంచెం ఎక్కువ కావాలి. రెండూ కలిసి ఉన్న ట్యాంక్‌లో ఎంబునాకు సరిపడే మేతే వేయాలి, ఎందుకంటే పీకాక్ ఆకు మేతతో బతకగలదు గానీ ఎంబునా మాంసపు మేతతో బతకలేదు. రోజుకు రెండుసార్లు, అర నిమిషంలో తినేసేంత.

మేత తప్పితే వచ్చేదే మలావి బ్లోట్. ముందు గుళిక నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. తర్వాత తెల్లటి దారంలా మలం, ఆ తర్వాత పొట్ట ఉబ్బు. పొట్ట ఉబ్బిందంటే చాలావరకు చెయ్యి దాటినట్టే, ఉమ్మేసే దశలోనే పట్టుకోవాలి. మేత ఆపి, వేరే తొట్టిలో 40 లీటర్లకు 250 మిల్లీగ్రాముల మెట్రోనిడజోల్, రోజువిడిచి రోజు పావువంతు నీళ్లు మార్చి మళ్లీ మందు, మూడు విడతలు. ఒత్తిడి కూడా దీన్ని తెస్తుంది, కాబట్టి జబ్బుపడ్డ చేపను ఎవరైనా తరుముతున్నారేమో కూడా చూడండి.

ఫ్లవర్‌హార్న్, ప్యారెట్, ఫ్రాంటోసా, బ్రిచార్డీ అనే సిక్లిడ్లను వీటితో కలపొచ్చా?

ఫ్లవర్‌హార్న్ ఒంటరిగానే. ప్యారెట్ నోరు సరిగా మూసుకోదు, మలావి చేపల వేగానికి ఆకలితో మిగిలిపోతుంది. ఫ్రాంటోసా టాంగన్యీకా సరస్సుది, నీళ్లు సరిపోతాయి గానీ నిదానంగా తింటుంది, అడుగు పెరుగుతుంది, దానికి వేరే ట్యాంక్. బ్రిచార్డీ కూడా టాంగన్యీకాదే. రెండు వేస్తే జతకట్టి పిల్లలతో కాలనీ అయి, మిగతావాటిని ఒక మూలకు నెట్టేస్తుంది.

అడుగు శుభ్రం చేయడానికి సక్కర్ చేప వేయొచ్చా?

షాపుల్లో అమ్మే మామూలు సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది, శుభ్రం చేసేదానికంటే మురికి చేసేదే ఎక్కువ. పెద్దయ్యాక చెరువులో వదిలేసేవాళ్లున్నారు. అలా వదిలిన జాతే మన చెరువుల్లో, నదుల్లో "దెయ్యం చేప"గా జాలర్ల వలలు చింపుతోంది. ఏ ట్యాంక్ చేపనూ బయటి నీళ్లలో వదలకండి. బదులుగా 12 సెంటీమీటర్లు పెరిగే బ్రిసిల్‌నోస్ అనే చిన్న సక్కర్ ఒకటో రెండో వేయండి, లేదా సైనోడాంటిస్ పెట్రికోలా అనే చిన్న క్యాట్‌ఫిష్ అయిదు.

ఎండాకాలం, కరెంటు కోతలు?

నీళ్లు 30 దాటితే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలకు చిరాకు పెరిగి కొట్లాటలూ పెరుగుతాయి. మూత తీసి జాలీ వేసి, నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీళ్ల బదులు ఆర్‌ఓ నీళ్లు పోయండి, ఆర్‌ఓ పనికొచ్చేది ఇక్కడే. చేపలు నిండుగా ఉన్న ట్యాంక్ గాలి లేకుండా రెండు మూడు గంటలు కూడా ఆగకపోవచ్చు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచండి. కరెంటు లేనప్పుడు మేత వేయొద్దు.

ఆడచేప నాలుగు రోజులుగా తినడం లేదు, గొంతు ఉబ్బింది. జబ్బా?

గొంతు కింద సంచిలా కిందికి దిగి, దవడ నములుతున్నట్టు మెల్లగా కదులుతోందేమో దగ్గర్నుంచి చూడండి. అలా ఉంటే గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతోంది. 26 నుంచి 28 డిగ్రీల దగ్గర సుమారు మూడు వారాలకు పిల్లల్ని వదులుతుంది, అప్పటిదాకా తినదు. చిక్కిపోతోందనిపిస్తే 15 రోజుల తర్వాత వేరే తొట్టికి మార్చి, పిల్లల్ని వదిలాక వారం పాటు మేపి, తిరిగి వేయండి.

ఆ పిల్లలు ఎవరివో కచ్చితంగా తెలిస్తేనే పేరు పెట్టి ఇతరులకు ఇవ్వండి. ఎల్లో ల్యాబ్ ఆడదాని నోట్లోంచి వచ్చినంత మాత్రాన అవి ఎల్లో ల్యాబ్‌లు కావు. ట్యాంక్‌లో దాని సొంత జాతి మగది లేకపోయినా, ఉన్నది బలహీనమైనా, పక్క జాతి మగది తండ్రయి ఉంటుంది. అనుమానమున్న పిల్లల్ని ట్యాంక్‌లోనే వదిలేస్తే రాళ్లలో దాక్కున్న ఒకటీ అరా తప్ప మిగతావి పెద్దచేపలకు మేతైపోతాయి. మిగిలినవాటిని ఉంచుకోండి, అమ్మకండి.